ఖాలా అప్పగించిన ఇరానీ పిల్లి

ఆ పిల్లికి ముక్కే లేదని మా అవ్వ, అంటే అమ్మ, మొదటి రోజే అన్నది. ముక్కు ఉన్నది. కాకపోతే రెండు కళ్ళ నడుమ ఎవరో బొటనవేలితో నొక్కినట్టు లోపలికి అణిగిపోయి ఉండేది. మొహం చదునుగా, గుండ్రంగా ఉండేది. చెవులు చిన్నవి, కాళ్ళు పొట్టివి. ఒళ్ళంతా తెల్లటి పొడుగాటి వెంట్రుకలు, పొట్ట కింది నుంచి నేలకు తగిలేటట్టు వేలాడేవి. నడిచి వస్తుంటే కాళ్ళు కనబడేవి కావు. మంచిర్యాలలో అలాంటి పిల్లిని అంతకు ముందు మేమెవరం చూడలేదు. మాకు తెలిసిన పిల్లులు గోడలెక్కేవి, ఎలుకలు పట్టేవి, పాలు తాగి తన్నులు తినేవి. ఇది గోడ ఎక్కలేదు. ఎలుక ఎదురొస్తే పక్కకు తప్పుకునేది.

అది మా పక్కింటి ఖాలాది. మా బాపు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. మా పెంకుటిల్లు స్టేషనుకు దగ్గర. మా గోడను ఆనుకుని ఉన్న పెద్ద ఇంట్లో అడవుల శాఖలో పనిచేసే జంగ్లాతు ఆఫీసరు ఒకాయన, ఆయన భార్య ఉండేవారు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమెను నేనూ అక్కా ఖాలా, అంటే చిన్నమ్మ, అని పిలిచేవాళ్ళం. అవ్వ మాత్రం బీబమ్మ అనేది. ఆ పిల్లి తన పుట్టింటి నుంచి వచ్చిందని, దాని తల్లి తల్లిని ఎవరో ఇరాన్ వ్యాపారి తెచ్చాడని ఖాలా చెప్పేది. ఆమె దాన్ని ఏదో ముద్దు పేరుతో పిలిచేది. మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు నోరు తిరగలేదు. మేము ‘తెల్లది’ అనేవాళ్ళం.

పోలీసు యాక్షన్ అయిన తర్వాత ఉద్యోగాలు పోయినవాళ్ళలో ఖాలా భర్త ఒకరు. కొన్ని నెలలు ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత ఒక రోజు ఆ ఇంటి ముందు ఎడ్లబండి ఆగింది. మంచాలు, పెట్టెలు ఎక్కించారు. హైదరాబాదులో ఖాలా అన్న ఇంటికి పోతున్నారని, అక్కడి నుంచి ఖాలా భర్త కరాచీకి పోతాడని అవ్వ నాతో చెప్పింది. బండి కదలబోయే ముందు ఖాలా పిల్లిని ఎత్తుకుని మా ఇంట్లోకి వచ్చింది.

మా అక్క అప్పుడు లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నది. అక్క నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. కాన్పుకని పుట్టింటికి వచ్చింది. పుట్టిన ఆడపిల్ల వారం తిరక్కుండానే పోయింది. బావ ఒకసారి వచ్చి చూసి, ‘వరికోతలు కాంగనే పిలుస్త’ అని చెప్పిపోయాడు. కోతలు అయినాయి, మళ్ళీ నాట్లు కూడా పడ్డాయి, ఆయన రాలేదు. అక్క తల దువ్వుకోవడం మానేసింది. పిలిస్తే పలికేది కాదు. అన్నం ముందు పెడితే తినేది, లేకపోతే అడిగేది కాదు.

“చలికాలం రాంగనే వచ్చి తీస్కపోత అక్కా, అప్పటిదాక జర సాదుకోండ్రి” అన్నది ఖాలా అవ్వతో.

అవ్వ చేతులు వెనక్కి తీసుకుంది. “బీబమ్మా, మా ఇంట్ల మనుషులకే తీరిక లేదు. గీ వెంట్రుకల మూటను నేనెట్ల సాదుత?”

“నీకిస్తలేను. నీ బిడ్డకిస్తున్న” అని ఖాలా తిన్నగా లోపలికి పోయి, అక్క మంచం మీద కూర్చుని, పిల్లిని ఆమె పక్కన పెట్టింది. కొమ్ము దువ్వెన ఒకటి అక్క చేతిలో ఉంచి వేళ్ళు మూసింది.

“రోజు దువ్వాలె బేటీ. మీద మీద దువ్వితే కాదు, లోపట తోలు దాక దువ్వెన పోవాలె. చంకల కింద, చెవుల ఎనుక, తొడల నడుమ, గక్కడనే ముడి పడేది. కండ్లల్ల నీళ్ళు కారుతయ్, తడి బట్టతోని తుడువు. లేకుంటే చెంపలు ఎర్రగయి పుండ్లు పడ్తయ్. ఎండకు తాళది. ముక్కు చిన్నది గద, ఊపిరి అందది. వాననీళ్ళల్ల తడవనియ్యకు.”

ఖాలా పిల్లి తల మీద ముద్దు పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి పోయింది. బండి కదిలిన చప్పుడు వినిపించింది. అప్పుడు అక్క లేచి కూర్చుంది.

మొదటి రోజులు చాలా కష్టంగా గడిచాయి. పాలు పోస్తే ముట్టలేదు. అన్నంలో పెరుగు కలిపి పెడితే వాసన చూసి తల తిప్పుకుంది. ధాన్యం గుమ్మి వెనక దూరి అక్కడే ఉండిపోయింది. ఖాలా దానికి మేక కాలేయం, అదే కార్జం, ఉడకబెట్టి పెట్టేదని నాకు గుర్తొచ్చి చెప్పాను. అక్క స్వయంగా పొయ్యి ముందు కూర్చుని కార్జం ఉడికించి, చిన్న చిన్న ముక్కలు చేసి, నేల మీద బోర్లా పడుకుని గుమ్మి వెనక్కి చెయ్యి చాపింది. ఎంతసేపు అలా ఉన్నదో. చివరికి అది అక్క వేలు మీది ముక్క నాకింది. ఆ తర్వాత గోదావరి చేపలు దొరికినప్పుడు ముళ్ళు తీసి పెట్టేది. “మనిషి పత్యానికి దొరకని తిండి గిది తింటున్నది” అని అవ్వ గొణిగేది కానీ, చేపలవాడు వస్తే తానే పిలిచేది.

అక్క రోజూ పొద్దున వసారాలో కూర్చుని దాన్ని ఒళ్ళో వేసుకుని దువ్వేది. ముందు వీపు, తర్వాత పక్కలు, తర్వాత వెల్లకిలా తిప్పి పొట్ట. పొట్ట దగ్గరికి రాగానే అది వెనక కాళ్ళతో తన్నేది. అక్క ముంజేతుల నిండా గీరలు. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు ఉండచుట్టి పక్కన పెడితే గాలికి ఇల్లంతా తిరిగేవి. పప్పులో వెంట్రుక, బాపు ధోవతి మీద వెంట్రుక. అవి కడుపులోకి పోతే ఉబ్బసం వస్తుందని ఇరుగుపొరుగువాళ్ళు మా ఇంట్లో నీళ్ళు తాగడం మానేశారు. పిల్లికి మాత్రం చిన్న గొంతు. ఆకలైతే అరవదు, వచ్చి ఎదురుగా కూర్చుని చూసేది. నిద్రలో ముసలివాళ్ళలా గురక పెట్టేది.

ఒక రోజు అది మెడ ముందుకు చాపి, పొట్ట ఎగరేస్తూ, గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు చప్పుడు చేయసాగింది. అవ్వ భయపడి, “అయ్యో, సచ్చిపోతున్నది! బీబమ్మకు ఏం జవాబు చెప్పాలె?” అని కేకలు పెట్టింది. చివరికి దాని నోట్లోంచి చింతకాయంత తడి ఉండ ఒకటి పడింది. అంతా వెంట్రుకలే.

“నాక్కుంటది గదా అవ్వా, గవి కడుపులకు పోతయ్. దువ్వుడు తక్కువైతే గిట్లనే అయితది. ఏం ఫికర్ లేదు” అన్నది అక్క.

అవ్వ పిల్లిని వదిలేసి అక్క మొహం చూస్తూ ఉండిపోయింది. అన్ని నెలల్లో అక్క నోటి నుంచి అన్ని మాటలు రావడం అదే మొదలు.

ఇంట్లో అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం అనుకునేసరికి అక్క అత్త లక్సెట్టిపేట దిక్కున ఉన్న తన ఊరి నుంచి వస్తున్నదని కబురు వచ్చింది. కోడల్ని తీసుకుపోవడానికే వస్తున్నదని అవ్వ సంబరపడి కోడిని కోయించింది. అత్త వసారాలోకి అడుగుపెట్టేసరికి అక్క పిల్లిని ఒళ్ళో వెల్లకిలా వేసుకుని దాని కళ్ళు తుడుస్తున్నది. ఆమె గడప దాటలేదు.

“బిడ్డను మింగి పిల్లిని పెంచుతున్నదా మీ బిడ్డ? నా కొడుకు ఇంట్ల గీ తుర్కోళ్ళ పిల్లికి దువ్వెన పెట్టుకుంట కూసుంటదా? గీ సంగతి సూద్దామనే వచ్చిన” అన్నది.

“జర కూసో వదినే, నీళ్ళు తాగు” అని అవ్వ బతిమాలింది. ఆమె కూర్చోలేదు. వచ్చిన బండిలోనే తిరిగి పోయింది. అక్క ఆపిన చోటి నుంచే పిల్లి కళ్ళు తుడవడం మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం బాపు ఇంటికి వచ్చి సంగతి విని, చెప్పులు కూడా విడవకుండా అన్నాడు: “రేపు దాన్ని గోదారి అవుతలి ఒడ్డున ఇడిచిపెట్టి వస్త.”

అక్క గది గడప దగ్గరికి వచ్చి నిలబడింది. “ఇడిచిపెట్టు బాపూ. నన్ను గూడ దాంతోనే ఇడిచిపెట్టు.”

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే బాపు భయపడ్డాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, అన్నానికి కూర్చున్నాడు. పిల్లి మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఖాలా చెప్పిన చలికాలం వచ్చి పోయింది. ఆమె రాలేదు. ఆ మరుసటి వానల్లో అక్కకు చలిజ్వరం పట్టుకుంది. మా దిక్కు ఆ రోజుల్లో ఆ జ్వరం రాని ఇల్లు లేదు. వస్తూ పోతూ చలికాలం చివరిదాకా అక్కను మంచం మీదే ఉంచింది. పిల్లిని దువ్వే పని నేను తీసుకున్నాను. అది నా చేతికి లొంగేది కాదు, పొట్ట ముట్టుకోగానే కొరికి పారిపోయేది. మీద మీద దువ్వి వదిలేదాన్ని. అక్క లేచి మళ్ళీ దాన్ని ఒళ్ళోకి తీసుకునేసరికి, పైన తెల్లగా మెత్తగా ఉన్నా లోపల వెంట్రుకలు తోలుకు అంటుకుని గొంగడి ముక్కల్లా గట్టిపడ్డాయి. దువ్వెన దిగలేదు. ముడి లాగితే తోలు కూడా లేచి వచ్చేది, అది ఏడ్చేది. చంకల కింద వేలు పెట్టి చూసి అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. వేలికి చీము అంటింది.

ఇంటి కత్తెరతో ప్రయత్నిస్తే తోలు తెగింది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టింది. అక్క పక్కవీధిలో గొర్రెల ఉన్ని కత్తిరించడానికి వచ్చిన ముసలాయన దగ్గరికి పోయి పిలుచుకుని వచ్చింది. అంతకాలం తర్వాత ఆమె వీధిలోకి పోవడం చూసి అవ్వ గడపలోనే నిలబడిపోయింది.

“పిల్లిని నేనెన్నడు కత్తిరించలే బిడ్డా. తెగితే నా మీదికి రావద్దు” అన్నాడు ఆయన.

“రాను తాతా. నువ్వు కానియ్యి.”

అక్క ముందు కాళ్ళు, నేను వెనక కాళ్ళు పట్టుకున్నాం. ముడులు ముద్దలు ముద్దలుగా ఊడి పడ్డాయి. పని అయ్యాక చూస్తే మా ముందు ఉన్నది అరచేతిలో పట్టేటంత బక్క ప్రాణి. ఎముకలు, ఎర్రటి పుండ్లు, ఆ పెద్ద గుండ్రటి తల. “గింతేనా ఇది?” అన్నది అవ్వ. అక్క దాన్ని ఎత్తుకుని గుండెకు ఆనించుకుని, బిడ్డ పోయిన తర్వాత మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. దాని కోసమే ఏడ్చిందని నేను అప్పుడు అనుకున్నాను. పుండ్ల మీద పసుపు పెడితే నాకేస్తుందని, ఉప్పు నీళ్ళతో కడిగి, అది నిద్రపోయేదాకా పక్కన కూర్చుని కాపలా కాసేది. వేపచెట్లు కాయలు పట్టేనాటికి పుండ్లు మానాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఎండ నిప్పులు చెరుగుతున్న ఒక మధ్యాహ్నం, ఖాలా వచ్చింది. ఒక్కతే వచ్చింది. బురఖా అంచులు చిరిగి ఉన్నాయి. చేతులకు గాజులు లేవు. ఆమె నీళ్ళు తాగుతుండగానే పిల్లి గదిలోంచి బయటికి వచ్చింది. ఖాలా చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

“ఏం జేసిన్రు? నా పిల్లను ఏం జేసిన్రు?” చెంబు పెట్టేసి నేల మీద కూలబడింది. “నేను పానంగ చూసుకున్న దాన్ని. గొర్రెను గొరిగినట్టు గొరిగిన్రా! నీకు చెప్పలేనా బేటీ, రోజు దువ్వుమని?”

“నాకు జెరమొచ్చింది ఖాలా” అన్నది అక్క. అంతకు మించి చెప్పుకోలేదు. అవ్వ కలుగజేసుకుని చెప్పబోతే ఖాలా వినలేదు. పిల్లి ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చి వాసన చూసింది. తర్వాత పోయి నీళ్ళ కుండ పక్కన చల్లటి నేల మీద పడుకుంది. అది తనను గుర్తుపట్టిందో లేదో తేలక ఖాలా మొహం ఇంకా నల్లబడింది.

మర్నాడే పిల్లిని హైదరాబాదుకు తీసుకుపోతానన్నది. “ఎండలు తగ్గనియ్యి బీబమ్మా” అని అవ్వ ఎంత చెప్పినా ఆగనన్నది. తెల్లారి అక్క వెదురు బుట్టలో తడి గోనెసంచి పరిచి, పిల్లిని అందులో పెట్టి, బాపు ముందుకు వచ్చి నిలబడింది.

“ఖాలా ఒక్కతే బుట్ట పట్టుకుంటే తడి బట్ట ఎవలు మారుస్తరు? నేను గూడ పట్నం దాక పోత బాపూ.”

అత్తగారింటి నుంచి పిలుపు రాని పిల్ల, ఒక బీబమ్మ వెంట రైలెక్కి పట్నం పోతే ఊరు ఏమనుకుంటుందో బాపుకు తెలుసు. అయినా ఆయన, “చెల్లెను వెంట తీస్కపో. గార్డుకు నేను చెప్త” అన్నాడు.

రైలు పెద్దపల్లి దాటేసరికి కిటికీ ఇనుప చువ్వలు ముట్టుకోలేనంత కాలాయి. బుట్ట మీద తడి బట్ట వేసిన కొద్దిసేపటికే ఆరిపోయేది. పిల్లి నోరు తెరిచి, నాలుక బయట పెట్టి, పక్కలు ఎగరేస్తూ రొప్పుతున్నది. ఖాలా విసనకర్రతో విసురుతూ ఏదో దువా చదువుతున్నది. ఉన్నట్టుండి దాని మెడ వాలిపోయింది. నాలుక నీలంగా మారింది.

“దిగుదాం” అన్నది అక్క. జమ్మికుంటలో బండి ఆగింది. అక్క బుట్ట ఎత్తుకుని దూకినట్టు దిగింది, ఆమె వెనక మేమిద్దరం.

ప్లాట్‌ఫాం చివర తడికల పందిరి కింద చలివేంద్రం ఉన్నది. పెద్ద కుండలు తడి ఇసుకలో కుదురుగా పెట్టి ఉన్నాయి. నీళ్ళు పోసే ముసలమ్మ మా అవస్థ చూసి, అడగకముందే ఒక కుండ పక్కకు జరిపింది. ఆ గుంటలో పిల్లిని పడుకోబెట్టాం. అక్క తన కొంగు తడిపి దాని పొట్ట, పాదాలు, చెవులు తుడుస్తూ ఉన్నది. ఖాలా అరచేతిలో నీళ్ళు తీసుకుని పెదవులకు అద్దుతున్నది. మేము వచ్చిన రైలు వెళ్ళిపోయింది. ఎవరూ తలెత్తి చూడలేదు.

చాలాసేపటికి దాని మీసం కదిలింది. తర్వాత నాలుక లోపలికి పోయింది. అది తల ఎత్తి ఖాలా అరచేయి నాకింది. ఖాలా ఆ పొట్టి వెంట్రుకలు వేళ్ళతో పాయలు తీసింది. మానిన పుండ్ల గుర్తులు అప్పుడు చూసింది, చంకల కింద, తొడల నడుమ, ఒక్కొక్కటి.

“గీ వెంట్రుకలు గట్లనే ఉంటే ఇయ్యాల దీని పానం పోతుండె” అన్నది మెల్లగా. “నేను నిన్ను తిట్టిన బేటీ.”

అక్క కొంగు మళ్ళీ తడిపి పిల్లి పొట్ట మీద వేసింది.

“నేనుండే అర్ర మీద రేకులు, ఎండకు కాలుతయ్” అన్నది ఖాలా. “మా వదినె పిల్లిని లోపలికి రానియ్యది. నాకు ఎరుకనే. ఎరుకయ్యి గూడ వచ్చిన. ఆయన కరాచీ పోయిండు. కుదురుకోంగనే పిలిపిస్త అన్నడు. ఏ కబురు రాలే. నాది అనేటిది ఇదొక్కటే మిగిలింది.”

“నా మొగడు గూడ పిలుస్త అన్నడు” అన్నది అక్క.

అక్క ఆ మాట అంతదాకా మా ఎవరితోనూ అనలేదు. అవ్వతో కూడా అనలేదు. ముసలమ్మ మా ముగ్గురికీ మళ్ళీ నీళ్ళు పోసింది. వాళ్ళిద్దరూ ఆ తడి ఇసుక పక్కన, ఒకరి భుజం ఒకరికి తగిలేటట్టు కూర్చున్నారు. సాయంత్రం పట్నం బండి వచ్చినప్పుడు ఖాలా ఒక్కతే లేచింది. “చలికాలంల వస్త, చూసిపోత” అన్నది. బుట్టను అక్క వైపు కొద్దిగా జరిపి వెళ్ళి ఎక్కింది. మేము తిరుగు రైలెక్కి ఇంటికి వచ్చాం.

ఈసారి ఆమె మాట నిలబెట్టుకుంది. ఆ చలికాలం వచ్చి మా ఇంట్లో కొన్నాళ్ళు ఉన్నది. పిల్లికి జుట్టు మళ్ళీ పెరిగింది, మునుపటంత కాకపోయినా. ఇద్దరూ వసారాలో కూర్చుని, ఒకరు పట్టుకుంటే ఒకరు దువ్వేవారు. తర్వాతి చలికాలం కూడా వచ్చింది. ఆమె ఉండగానే బావ మరో పెళ్ళి చేసుకున్నాడని కబురు వచ్చింది. అవ్వ గుండెలు బాదుకుంది. ఖాలా అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది. “దవాఖాన్ల పని నేర్చుకో బేటీ. నీ చేతులు మంచియి” అన్నది. బాపు మా ఊళ్ళోని ఆడవాళ్ళ దవాఖానాలో అడిగి అక్కకు ఆయా పని ఇప్పించాడు. అక్క అందులోనే కుదురుకుంది.

ఆ మరుసటి చలికాలం ఖాలా రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తెల్లది ముసలిదైపోయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాతి వానాకాలంలో తిండి తగ్గించి, నీళ్ళు మాత్రం తాగీ తాగీ బక్కచిక్కి, ఒక పొద్దున అక్క ఒళ్ళోనే కన్నుమూసింది. పెరట్లో పాతిపెట్టాం.

“ఖాలాకు చెప్పాలె” అన్నది అక్క. దసరా సెలవుల్లో ఇద్దరం హైదరాబాదు పోయాం. ఆమె చెప్పిన గుర్తుల ప్రకారం ఆ సందు దొరికింది. రేకుల అర్ర కూడా ఉన్నది, అందులో వేరే కుటుంబం ఉంటున్నది. ఇంటి వాళ్ళు అమ్మేసి పోయారని, ఆ ఒంటరి ఆడమనిషి వాళ్ళతో పోయిందో లేక ముందే ఎటైనా పోయిందో తమకు తెలియదని చెప్పారు. పక్కింటి ముసలాయన మాత్రం, “ఆమె చానా రోజులు బీమారుండె బిడ్డా” అన్నాడు. ఆ జబ్బు తర్వాత ఏమైందో ఆయనకు గుర్తు లేదు. అక్క ఇంటింటికీ అడుగుతూ సందు చివరిదాకా ఒక్కతే పోయి, ఏ ఆచూకీ దొరకక తిరిగి వచ్చింది.

“పోదాం పా. రేపు నాకు డ్యూటీ ఉన్నది” అన్నది.